చారిజార్డ్ భుజం కీలు ఎక్కడ?

పనికిమాలిన విచారణను పెద్దలు కాకదంత పరీక్ష అన్నారు. కాకికి పళ్లు లేవు కాబట్టి ఆ ఎగతాళి చెల్లింది. చారిజార్డ్‌కి పళ్లున్నాయి. కాబట్టి మూడు నెలలుగా నేను చేస్తున్నది శాస్త్రమే.

1996లో పోకీమాన్ అనే వీడియో ఆటతో పుట్టిన, నిప్పులు కక్కే ఈ డ్రాగన్ లాంటి జీవి ఎత్తు 1.7 మీటర్లు, బరువు 90.5 కిలోలు. తోక చివర ఆరని మంట. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ కాళ్లు రెండు, చేతులు రెండు, అవి చాలవన్నట్టు రెక్కలు రెండు! పిచ్చుకకైనా గబ్బిలానికైనా చేతులే రెక్కలయ్యాయి. డైనోసార్ల కాలంలో ఎగిరిన పది మీటర్ల రెక్కల సరీసృపం క్వెట్జల్‌కోట్లస్ కూడా ఆ బేరానికే ఒప్పుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు కనీసం లెక్క తగ్గించాడు, ఈ ఆట తయారుచేసినవాళ్లు పెంచారు.

పక్షి రెక్కాడించే కండ రొమ్ము ఎముకను పట్టుకుని ఉంటుంది. చారిజార్డ్ రొమ్ములో ఆ చోటు చేతుల కండలు ముందే ఆక్రమించాయి. మరి రెక్కల కండలు ఎక్కడుండాలి? నాలుగుసార్లు అస్థిపంజరం గీశాను. నాలుగుసార్లూ రెండో జత భుజం ఎముక ఊపిరితిత్తిలోంచే దూసుకుపోయింది. డ్రాకో అనే బల్లి పక్కటెముకలను విసనకర్రలా చాచి చెట్టు మీంచి చెట్టు మీదికి జారుతుందని చదివి ఒక రాత్రంతా ఆశపడ్డాను. తెల్లారాక చూస్తే చారిజార్డ్ రెక్కకు మోచేయి ఉంది. పక్కటెముకకు మోచేయి ఏమిటి? "నాన్నా, అది ఆట" అన్నాడు మావాడు. పిల్లలకు పరిశోధన విలువ తెలీదు.

నిప్పు పెద్ద తలనొప్పి కాదు. బాంబార్డియర్ బీటిల్ అనే పురుగు ఒంట్లో రెండు రసాయనాలు కలిపి, మరిగే ద్రవాన్ని శత్రువు మీద చిమ్ముతుంది. పురుగు చేసే పనిని ఇంత జంతువు చేయలేదా?

బరువు లెక్క మాత్రం ఆడిటర్‌కి చూపించేది కాదు. చారిజార్డ్‌గా మారకముందు ఇది చార్మీలియన్, 19 కిలోలు, దానికి రెక్కలే లేవు. ఆటలో 36వ లెవెల్‌కి చేరగానే కాసేపు మెరిసి, 90.5 కిలోలై, రెక్కలతో సహా దిగుతుంది. మిగతా 71.5 కిలోలకు రసీదు లేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఒక పాత సంగతి. మొదట్లో వచ్చిన రెడ్, బ్లూ ఆటల్లో దీన్ని నిప్పు జాతి, ఎగిరే జాతి అని రాశారు కానీ, 'ఫ్లై' విద్య మాత్రం నేర్పనివ్వలేదు. అది పొరపాటని మీరనుకోవచ్చు. నాకైతే ఆ ఆఫీసులో నిజాయితీ గల ఎముకల డాక్టరెవరో కూర్చుని, భుజం కీలు కనబడక, ఎగరడానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఆపేశాడనిపిస్తుంది. ఎల్లో ఆట వచ్చేసరికి అనుమతి దొరికింది. అంటే కీలు దొరికినట్టే కదా! ఆ బొమ్మ ఒక్కసారి చూపిస్తే నా నాలుగో అస్థిపంజరం ఊపిరి పీల్చుకుంటుంది.