క్రిబ్ తీసేయడానికి రెండో పుట్టినరోజు ముహూర్తమేమీ కాదు

పిల్లకి రెండో పుట్టినరోజు దగ్గర పడుతోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు ఈ సలహా పంపుతారు. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒకటే. రెండేళ్లు నిండగానే క్రిబ్, అంటే చుట్టూ ఎత్తు కమ్మీలున్న పిల్లల తొట్టి తీసేసి, కమ్మీలు లేని ఓపెన్ బెడ్ మీద పడుకోబెట్టాలి. క్రిబ్ అంటే పంజరం, అందులో ఉంచితే పిల్లలు స్వతంత్రంగా ఎదగరు. మంచం మీదైతే నిద్ర బాగా పడుతుంది. పక్కన ఒక రెయిలింగ్ బిగిస్తే భద్రతకి ఢోకా లేదు. పిల్లల చదువుకి కొత్త పద్ధతి చూపిన మాంటిస్సోరి కూడా ఇదే చెప్పింది. రెండో బిడ్డ రాబోతుంటే అసలు ఆలస్యం చేయకూడదు. ఒకసారి మార్చాక మాత్రం మళ్లీ వెనక్కి వెళ్లకూడదు.

డాలస్‌లో ఉన్నవాళ్లకీ, ఈమధ్యే క్రిబ్‌లు కొంటున్న హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాళ్లకీ ఇదే సలహా అందుతోంది. చదివిన తల్లికి టెన్షన్ మొదలు. ఆవిడ కూతురేమో క్రిబ్‌లో హాయిగా నిద్రపోతూ ఉంటుంది! హాయిగా పడుకునే పిల్లకి పక్క మార్చి లేని తలనొప్పి తెచ్చుకోవడం దేనికి? ఒక్కో మాటే తీసుకుని చూద్దాం.

"రెండేళ్లు నిండితే మార్చాల్సిందే"

గడువు వయసుది కాదు, ఎత్తుది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పే లెక్క ఇది: పిల్ల ఎత్తు 35 అంగుళాలకు, అంటే దాదాపు 89 సెంటీమీటర్లకు చేరినప్పుడు, లేదా పక్క కమ్మీల ఎత్తు పిల్ల ఎత్తులో నాలుగింట మూడు వంతుల కంటే తక్కువైనప్పుడు క్రిబ్ నుంచి మార్చాలి. పరుపు మీద నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది. పై కమ్మీ ఛాతీ మట్టానికి వచ్చిందంటే ఇక ఆ క్రిబ్‌తో పని అయిపోయినట్టే. అంత ఎత్తు పెరిగిన పిల్ల కమ్మీ మీద నుంచి వంగితే ఒంటి బరువంతా అవతలికి పోయి తలకిందులుగా పడుతుంది. అసలు భయం అదీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల ప్రకారం మధ్యస్థంగా ఎదిగే మగపిల్లాడు సుమారు 26 నెలలకీ, ఆడపిల్ల 28 నెలలకీ ఆ ఎత్తుకి వస్తారు. కాబట్టి రెండేళ్లన్న అంకె గాల్లోంచి ఊడిపడిందేమీ కాదు. కానీ మధ్యస్థం అంటే సగం మంది పిల్లలు అంతకంటే పొట్టిగా ఉంటారనే కదా. పొట్టి పిల్ల మూడేళ్లు వచ్చేదాకా క్రిబ్‌లో ఉండొచ్చు. పొడుగు పిల్లాడికి రెండేళ్ల ముందే అది చాలకుండా పోవచ్చు. పుట్టినరోజు చూసి నిర్ణయిస్తే ఇద్దరి విషయంలోనూ పొరపాటే.

ఎత్తు కంటే ముందు వచ్చే గుర్తు ఇంకోటుంది. కమ్మీ మీద కాలు వేయడం. ఏడాదిన్నర వాడైనా సరే, కాలు పైకి వేశాడంటే మొదట పరుపుని అన్నిటికంటే కింది మెట్టుకి దించండి. లోపల మెట్టులా పనికొచ్చే పెద్ద బొమ్మలూ దిండ్లూ తీసేయండి. అయినా ఎక్కి దూకుతున్నాడంటే వయసుతో పని లేదు, ఆ రాత్రే వాడి పడకని క్రిబ్ నుంచి కిందకి మార్చాలి. క్రిబ్ మీద వల కట్టడం, డేరా బిగించడం లాంటి ఉపాయాలు వద్దు. వాటిలో పిల్లలు చిక్కుకుని మెడకి బిగిసే ప్రమాదం ఉంది.

ఒక పక్క కిందికి జారే పాత రకం క్రిబ్ ఎవరైనా ఇస్తే మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. అమెరికాలో మనవాళ్లు క్రిబ్‌లు ఒకరి నుంచి ఒకరు తీసుకోవడం మామూలే. ఆ జారే పక్క ఊడి పిల్లలు ఇరుక్కుని చనిపోయిన సంఘటనల తర్వాత 2011 జూన్ 28 నుంచి అక్కడ ఆ రకాన్ని తయారు చేయడం, అమ్మడం నిషేధించారు. అటక మీద అలాంటిది ఉంటే ఏ వయసు పిల్లకైనా వాడొద్దు.

"మంచం మీదైతే నిద్ర బాగా పడుతుంది"

దీనికి ఉన్న ఆధారం సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. పసిపిల్లల నిద్ర మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న జోడీ మిండెల్ బృందం 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో 18 నుంచి 36 నెలల మధ్య వయసున్న 1,983 మంది పిల్లల తల్లిదండ్రుల్ని, పెంచేవాళ్లని అడిగారు. మంచం మీద పడుకునే పిల్లలతో పోలిస్తే క్రిబ్‌లో పడుకునేవాళ్లు త్వరగా పక్క ఎక్కుతున్నారు, త్వరగా నిద్రలోకి జారుతున్నారు, రాత్రి తక్కువసార్లు లేస్తున్నారు, రాత్రిపూట ఎక్కువసేపు పడుకుంటున్నారు.

దీన్ని మరీ సాగదీయకూడదు కూడా. ఇది పెద్దవాళ్లు చెప్పిన సమాధానాల మీద కట్టిన లెక్క. నిద్రపోని పిల్లల్నే విసిగిపోయి ముందుగా మంచం మీదికి మార్చి ఉండొచ్చు. అయినా "మంచం వేయగానే నిద్ర కుదురుతుంది" అనడానికి మాత్రం ఇందులో చోటు లేదు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. క్రిబ్‌లో అర్ధరాత్రి మెలకువ వచ్చిన పిల్ల కాసేపు దొర్లి, ఏదో గొణుక్కుని మళ్లీ పడుకుంటుంది. మంచం మీద అదే మెలకువ వస్తే దిగి నడిచి వచ్చేస్తుంది. "పొద్దునదాకా ఇక్కడి నుంచి కదలకూడదు" అనేది కనిపించని లక్ష్మణరేఖ. దాన్ని గుర్తుపెట్టుకుని, లేవాలనిపించినా లేవకుండా ఆగే నిగ్రహం రెండేళ్లకి ఉండదు. మూడేళ్ల దగ్గర్లో మెల్లగా వస్తుంది. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఆ గంటల్లో కోత పడితే మర్నాడు ఆ చిరాకు భరించేది అమ్మానాన్నలే, సలహా పంపినవాళ్లు కాదు.

"క్రిబ్ పంజరం, స్వతంత్రంగా ఎదగరు"

దీనికి ఆధారం ఏమిటో ఎవరూ చెప్పరు. పెద్ద చర్చ కూడా అక్కర్లేదు. మన ఇళ్లలో ఎక్కువమంది చీర ఉయ్యాలలో పడుకుని, ఆ తర్వాత బడికి వెళ్లే వయసు దాకా అమ్మానాన్నల మధ్యనో నానమ్మ పక్కనో పడుకుని పెద్దయినవాళ్లే. వాళ్లలో స్వతంత్రత కరువైందని ఎవరూ అనలేదు. ఎక్కడ పడుకున్నారన్నదాన్ని బట్టి పిల్లల మనస్తత్వం తేల్చేయడం జాతకం చెప్పడం కిందికే వస్తుంది.

"రెయిలింగ్ బిగిస్తే చాలు"

వీటన్నిటిలో ప్రమాదకరమైన మాట ఇదే.

మొదట రెయిలింగ్ సంగతి. పెద్దల మంచానికి తగిలించే విడి రెయిలింగ్‌లు తనంతట తాను మంచం ఎక్కి దిగగలిగే, రెండేళ్లు దాటిన పిల్లల కోసం చేసినవి. అంతకంటే చిన్నవాళ్లకి వాడితే పరుపుకీ రెయిలింగ్‌కీ మధ్య సందులో ఇరుక్కుని ఊపిరాడకపోవచ్చు. మంచాన్ని గోడకి ఆనిస్తే ఆ వైపు భయం లేదనుకుంటాం. రాత్రి కాస్త జరిగిందంటే అక్కడా అలాంటి సందే ఏర్పడుతుంది. అంచున దిండ్లు పేర్చడం మనందరికీ తెలిసిన పద్ధతే కానీ, రెండేళ్ల వాడు వాటినే మెట్లుగా వాడుకుంటాడు.

నేల మీద పరుపు, లేదా క్రిబ్ పరుపే పట్టే టాడ్లర్ బెడ్ ఇంతకంటే నయం. టాడ్లర్ బెడ్ నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం 15 నెలలు దాటి, 50 పౌండ్లు, అంటే సుమారు 22.7 కిలోలు మించని పిల్లల కోసం దాన్ని తయారు చేస్తారు. నేల మీద పరుపు వేసేవాళ్లు పొద్దున్నే దాన్ని ఎత్తి గోడకి నిలబెట్టడం మరవకూడదు. లేకపోతే అడుగున చెమ్మ పట్టి బూజు వస్తుంది. అన్నయ్య బంక్ బెడ్ ఉంది కదా అని పై అంతస్తు ఎక్కించడం అసలే వద్దు. ఆరేళ్లు నిండేదాకా పై బెడ్ పనికిరాదు.

ఇక ఆ సలహాలో మాటమాత్రంగానైనా లేని విషయం: ఓపెన్ బెడ్ వేసిన రాత్రి నుంచి గది మొత్తం క్రిబ్ అయిపోతుంది. తలుపు తెరిచి ఉంటే ఇల్లంతా. రాత్రి రెండు గంటలకి లేచిన పిల్ల మిమ్మల్ని లేపకుండా ఎక్కడెక్కడికి వెళ్లగలదో మోకాళ్ల మీద కూర్చుని ఆ ఎత్తు నుంచి ఒకసారి చూడండి. సాకెట్‌కి తగిలించిన దోమల మందు సీసా చేతికందుతుంది. బాత్రూమ్‌లో నిండా నీళ్లు పట్టి పెట్టిన బకెట్ ఉంటుంది. తలకిందులుగా పడితే అడుగున ఉన్న కాసిని నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. బాల్కనీ తలుపు గడియ వాడికి అందే ఎత్తులోనే ఉందా? కిటికీ కింద స్టూలు ఉందా? గోడకి బిగించని సొరుగుల బీరువా సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే మీద పడుతుంది. అమెరికా ఇళ్లలో వీటికి తోడు మేడ మెట్లు, కర్టెన్ తాళ్లు. మెట్ల పైన గోడకి స్క్రూలతో బిగించే గేటే పెట్టాలి. ఒత్తిడితో నిలిచేది పిల్ల బరువుకి ఊడి రావచ్చు.

కొందరు బయట గడియ పెడతారు. మంట లేస్తే, పొగ కమ్మితే ఆ గది లోపల పిల్ల ఉంటుంది. గడియ బదులు గది గుమ్మానికి గేటు పెట్టండి.

ఇవన్నీ చేయడానికి కనీసం ఒక శని, ఆదివారాలు కావాలి. అద్దె ఇల్లయితే గోడకి మేకు కొట్టడానికి ఓనర్ గారిని ఒప్పించుకోవాలి. పిల్ల ఇంకా ఎక్కి దూకడం లేదంటే ఈ పనులకి మీ చేతిలో సమయం ఉన్నట్టే. రెయిలింగ్ కొనే ముందు ఇవి అవ్వాలి.

"మాంటిస్సోరి కూడా ఇదే చెప్పింది"

ఇందులో నిజం ఉంది. ఎత్తు కమ్మీల తొట్లని మరియా మాంటిస్సోరి విమర్శించారు, నేలకి దగ్గరగా ఉండే పక్క వేయమన్నారు. నిద్ర వచ్చినప్పుడు పిల్ల తనే వెళ్లి పడుకోవాలి, మెలకువ వస్తే తనే లేవాలి అన్నది ఆమె ఉద్దేశం. 1939 నుంచి 1946 వరకు మన దేశంలోనే, మద్రాసులోనూ కొడైకెనాల్‌లోనూ ఉన్నారు కాబట్టి నేల మీద చాప పరిచి పడుకునే ఇళ్లు ఆవిడ చూసే ఉంటారు. కానీ ఆమె పద్ధతిలో పక్క ఒక్కటే రాదు, పిల్ల కోసం అమర్చిన చుట్టుపక్కలంతా వస్తుంది. మందు సీసాలూ బకెట్లూ అందని గది అన్నమాట. పైగా ఆ లెక్కన రెండేళ్ల దాకా ఆగాల్సిన పని కూడా లేదు. అంటే రెండేళ్ల గడువుకి ఆవిడ్ని సాక్ష్యం పిలవడం కుదరదు.

"రెండో బిడ్డ వచ్చేలోపు ఖాళీ చేయించండి"

పుట్టిన బిడ్డకి మొదటి రోజే క్రిబ్ అక్కర్లేదు. మొదటి కొన్ని నెలలు బాసినెట్‌లో, అంటే పసిగుడ్డు పట్టే చిన్న తొట్టిలో గడిచిపోతాయి, బోర్లా పడటం మొదలుపెట్టేదాకా. కాన్పుకి ఇంకా రెండు నెలలు ఉంటే, పెద్దది ఎటూ ఎత్తు దాటితే, ముందే మార్చడం మంచిదే. వారాల్లోకి వచ్చేశాక మాత్రం ఆగండి. అమ్మ ఆస్పత్రికి వెళ్లడం, ఇంట్లోకి ఏడ్చే తమ్ముడు రావడం, తన క్రిబ్ వాడికి పోవడం ఒకేసారి జరిగితే ఏ పిల్లయినా పేచీ పెడుతుంది. అమెరికా ఇళ్లలో ఇంకోటి కలుస్తుంది. పురుడు కోసం వచ్చిన అమ్మమ్మ పక్కన ఆరు నెలలు పడుకుని, ఆవిడ ఇండియా ఫ్లైట్ ఎక్కిన వారమే కొత్త మంచం మీద ఒంటరిగా పడుకోమంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఇండియా ప్రయాణం ముందూ వెనకా కూడా అంతే.

డైపర్ సంగతి కూడా ఇందులోకే లాగుతారు, మంచం మీదైతే రాత్రి తనే లేచి బాత్రూమ్‌కి వెళ్తుందని. రాత్రిపూట పక్క తడపకుండా ఉండటం మూత్రాశయం ఎదుగుదలా, నిద్రలో మూత్రాన్ని తగ్గించే హార్మోనూ కుదిరాక వచ్చేది. మంచం మారిస్తే వచ్చేది కాదు. ఐదేళ్ల పిల్లల్లో కూడా పక్క తడిపేవాళ్లు చాలామందే ఉంటారు.

"మార్చాక వెనక్కి వెళ్లకూడదు"

ఎక్కి దూకుతుందని మార్చారా? అయితే వెనక్కి వెళ్లే మాటే లేదు. లేచి వచ్చిన ప్రతిసారీ లైటు వేయకుండా, కబుర్లు చెప్పకుండా, కోప్పడకుండా చేయి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టడమే. మొదటి రాత్రుల్లో ఎన్నిసార్లయినా సరే. ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టారో, రేపు అదే టైముకి మళ్లీ లేస్తుంది. కానీ ఎవరో చెప్పారని మార్చి, పిల్ల ఇంకా 35 అంగుళాల లోపే ఉండి, ఎక్కే ప్రయత్నం కూడా చేయకుండా, కేవలం నిద్ర చెడిందంటే మళ్లీ క్రిబ్ బిగించుకోవచ్చు. పిల్ల అలవాటు చెడిపోతుందన్నది ఉత్త మాట. అందుకే విప్పినప్పుడు మరలూ బోల్టులూ ఒక కవర్లో వేసి క్రిబ్ పలకకే టేపుతో అంటించి పెట్టుకోండి. ఒక్క బోల్టు తక్కువైనా ఆ క్రిబ్ మళ్లీ వాడకూడదు.