ఇంజన్ చూశారు సరే, సీటు కింద చూశారా?

సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయేవాళ్ళు తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తారు. ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి పొగ చూస్తాడు. రెండు వీధులు తిప్పి, క్లచ్ జారుతోందనో, ముందు సస్పెన్షన్ టకటకమంటోందనో చెప్తాడు. బేరం అక్కడ మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు గానీ, ఇవన్నీ రేటు కట్టగలిగిన లోపాలు. క్లచ్ సెట్ మార్చడానికి ఎంతవుతుందో ఏ షెడ్డులో అడిగినా చెప్తారు, ధరలో ఆ మేరకు తగ్గించమంటే సరిపోతుంది. రేటే కట్టలేని లోపాలు వేరే ఉన్నాయి. నా దృష్టిలో వాటిలో అన్నిటికంటే చెడ్డది నీళ్ళలో మునిగిన బండి.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళలోనే నానాయి. ఆ బండ్లన్నీ ఏమయ్యాయి? కొన్నిటిని ఓనర్లే బాగుచేయించుకున్నారు. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ (బండి మొత్తం పోయినట్టే) కింద డబ్బు చెల్లిస్తుంది, బండి సాల్వేజ్‌గా, అంటే పాడైన సరుకుగా, వేలానికి పోతుంది. వేలంలో పోయిన ప్రతి బండీ తుక్కు కిందే పోతుందనుకుంటే పొరపాటు. కడిగి, ఆరబెట్టి, కార్పెట్, సీటు కవర్లు మార్చి మళ్ళీ అమ్మకానికి పెట్టేవాళ్ళు ఉన్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ ఇలాంటి బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీదే సాల్వేజ్ అనో, ఫ్లడ్ అనో పడుతుంది, ధర కూడా దాన్ని బట్టే పలుకుతుంది. మన ఆర్‌సీలో అలాంటి కాలమ్ లేదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ మొదలుపెట్టారు. అంతకుముందు ఏపీ 16 అని కనిపిస్తే కృష్ణా జిల్లా బండి అని ఇట్టే తెలిసేది. ఇప్పుడు నంబరు ప్లేటు చూసి ఊరు చెప్పలేం, ఆర్‌సీలో ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో వెతుక్కోవాలి.

కాగితాల్లో ఒక ఆధారం మాత్రం దొరుకుతుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలు వరుసగా అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గడి చూడండి. క్లెయిమ్ లేకపోతే అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోవాలి. 35 ఉన్నది వరద తర్వాతి రెన్యువల్‌లో ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందంటే ఎందుకో అమ్మేవాళ్ళు చెప్పాలి. పాలసీ గడువు దాటి మూడు నెలలు కట్టకుండా వదిలేసినా బోనస్ పోతుంది కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పలేం. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా బోనస్ ప్రొటెక్షన్ తీసుకున్నవాళ్ళ దగ్గర ఈ పరీక్ష అసలు పనిచేయదు.

మిగిలింది బండినే అడగడం. ముందుగా సీటు బెల్టు మొత్తం, చివరి అంగుళం దాకా బయటికి లాగండి. పైకి కనిపించే భాగాన్ని షాంపూ పెట్టి కడుగుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. బురద గీత ఉంటే అక్కడే ఉంటుంది. బెల్టు మరీ కొత్తగా మెరుస్తుంటే కింద కుట్టిన చీటీ మీద తయారీ తేదీ చూడాలి. బండి 2018ది, బెల్టు 2024ది అయితే అది ఎందుకు మార్చాల్సి వచ్చింది? తర్వాత సీటు వెనక్కి జరిపి పట్టాల తుప్పు, స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు. అద్దాలు మూసి ఏసీ వేసినప్పుడు సెంటు వాసన వెనక ముక్కవాసన వస్తే ఇక టెస్ట్ డ్రైవ్ కూడా దండగే.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎయిర్‌బ్యాగ్‌ల కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ రాడ్ దగ్గర, నేలకి ఆనుకునే ఉంటుంది. నీళ్ళు లోపలికి వస్తే ముందు తడిసేవాటిలో అదొకటి. వైర్ల కనెక్టర్లకి పచ్చగా చిలుము పట్టడానికి నెలలు పడుతుంది, అప్పటికి బండి చేతులు మారి ఉంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారులో ఇది ధర తగ్గించి సర్దుకునే విషయం కాదు.

మీటరు వెనక్కి తిప్పడం గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. షోరూం సర్వీస్ రికార్డు తీయించండి, బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఇరవై వేలే తిరిగిందన్న పాత బండికి నాలుగు టైర్లూ మార్చేశారంటే లెక్క తేలదు.

ఇక ఫస్ట్ ఓనర్ అనే మాట. పాత బండ్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలలో చాలాచోట్ల, బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద మొదటి ఓనర్ సంతకాలు తీసుకుని, కొన్నవాళ్ళ పేరు ఖాళీగా వదిలేస్తారు. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీలో ఓనర్ సీరియల్ నంబరు 1గానే ఉంటుంది. ఆ మధ్యలో ఎవరు నడిపారో, ఎక్కడ గుద్దారో రికార్డే ఉండదు. ఆర్‌సీలో ఉన్న మనిషితో ఫోన్లో అయినా మాట్లాడాలి. ఆయన బండి ఇచ్చేసి రెండేళ్ళయిందంటే మీకు అసలు కథ అక్కడ మొదలవుతుంది.

కొనేవాళ్ళు ఇలా డిటెక్టివ్ పని చేయాల్సి రావడమే నాకు నచ్చనిది. టోటల్ లాస్ చెల్లించిన ప్రతి బండి ఛాసిస్ నంబరు బీమా కంపెనీ దగ్గర ఉంది. అదే నంబరు రవాణా శాఖ వాహన్ డేటాబేస్‌లోనూ ఉంది. బీమా కంపెనీ ఆ నంబర్లని వాహన్‌కి పంపి, బండి వివరాలు చూపే ఎంపరివాహన్ యాప్‌లో ఒక్క లైను చూపిస్తే చాలు. కాస్త తడిసి బాగుచేయించుకున్న కార్ల విలువ కూడా దీంతో పడిపోతుందని కొందరంటారు. టోటల్ లాస్ అయినవాటికే గుర్తు వేయమంటున్నాం కాబట్టి అలాంటి కార్ల ఓనర్లకి వచ్చే నష్టం ఏమీ లేదు.