బలవంతపు తాళికి మంగళవాద్యాలా?

అమ్మాయి వద్దంటూ చేత్తో తోసేస్తుంటుంది. హీరో వినడు, మెడలో తాళి కట్టేస్తాడు. ముడి పడే షాట్‌ను మూడు వైపుల నుంచి మూడుసార్లు తిప్పి చూపిస్తారు. వెనక ఉరుములు, గుడిగంటలు, సన్నాయి. నాలుగు ఎపిసోడ్లు తిరక్కుండానే ఆ పిల్ల అదే తాళిని కళ్లకద్దుకుని, అత్తగారికి కాఫీ కలుపుతూ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి తెలుగు సీరియళ్లలో తిరుగుతున్న సీను ఇది. ఇప్పటికీ ప్రోమోల్లో ముందు పెట్టి ఊరించేదీ దీన్నే.

ప్రేమకథ పేరుతో ఛానళ్లు ఇంటింటికీ పంపుతున్నది ఒక నేరాన్ని. పెళ్లికి బలవంతం చేయడానికి స్త్రీని ఎత్తుకెళితే భారతీయ న్యాయ సంహిత 87వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. బెదిరించి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడిగే హక్కు 1955 నాటి హిందూ వివాహ చట్టమే ఇచ్చింది. సీరియల్ హీరోయిన్‌కు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. తల్లి, పూజారి, పక్కింటావిడ అందరూ 'నీ రాత ఇంతేనమ్మా' అంటారు.

కథను కథగా చూడాలని, నచ్చనివాళ్లు ఛానల్ మార్చుకోవచ్చని నిర్మాతలు అంటారు. మరి హీరో సిగరెట్ ముట్టిస్తే తెర కింద హెచ్చరిక ఎందుకు? కథ చూసి జనం చెడిపోతారన్న భయం పొగాకు దగ్గర ఉంటుంది, ఆడపిల్ల మెడ దగ్గరకొచ్చేసరికి మాయమవుతుంది. ఈ ద్వంద్వనీతి మీదే మా కోపం.

ప్రభుత్వాలదీ అదే దారి. ఒక సామాజికవర్గం మనసు నొచ్చుకుందని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటక ప్రదర్శనలనే నిషేధించింది. నిషేధాలు మాకు సమ్మతం కాదు, సీరియళ్ల మీదా వాటిని కోరడం లేదు. కానీ ఆ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్రకు కదిలిన యంత్రాంగం, రోజూ రాత్రి పూట స్త్రీకి జరుగుతున్న అవమానానికి నోరు మెదపదేం? స్త్రీలను కించపరచరాదని కేబుల్ టీవీ ప్రోగ్రామ్ కోడ్ చెబుతూనే ఉంది. ఫిర్యాదులు వినడానికి ఛానళ్లు 2011లో తామే పెట్టుకున్న బీసీసీసీ అనే మండలి కూడా ఉంది. సీను మాత్రం మారలేదు.

'మావి మహిళా ప్రాధాన్యమున్న కథలు' అన్నది ఇంకో సమర్థన. తెరమీద ఎక్కువసేపు ఏడ్చినంత మాత్రాన ప్రాధాన్యం దక్కినట్టు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనన్న మహిళలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ నూటికి 80కి పైనే. అత్తమామలను గౌరవించకపోవడం, చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం ఆ సర్వే అడిగిన కారణాల్లో కొన్ని. సీరియల్లో చెంపదెబ్బకు దారితీసేవీ ఇవే. ఈ పాపమంతా సీరియళ్లదే అనడం లేదు. నలిగిన ఇళ్లలోకి రోజూ వెళ్లి, ఆ నలుగుడే ధర్మమని నూరిపోయడం మాత్రం వాటి పనే.

అదే 'చింతామణి' రాసిన కాళ్లకూరి నారాయణరావు వందేళ్ల కిందట 'వరవిక్రయం' కూడా రాశారు. కట్నం గోలకు తాళలేక కాళింది బావిలో దూకితే, చెల్లెలు కమల అదే వరుణ్ని పెళ్లాడి అత్తవారింటికి వెళ్లనంది. డబ్బిచ్చి కొనుక్కున్న మొగుడు తన ఇంటికే రావాలని వాదించింది. ఊరూరా చాపలేసుకుని కూర్చున్న జనం కమల పక్షాన నిలిచారు. ప్రేక్షకులు ఇలాంటివి చూడరనే టీఆర్‌పీ లెక్కల వాళ్లు ఈ చరిత్రకు ఏం జవాబు చెబుతారు?

ఛానళ్లను మేం అడిగేది ఒక్కటే. బలవంతంగా తాళి కట్టించుకున్న ఆ అమ్మాయిని మర్నాటి ఎపిసోడ్‌లో పోలీస్ స్టేషన్ మెట్లెక్కించండి. అంతమాత్రం కథ రాయించడం చేతకాకపోతే, మార్చి 8న యాంకర్లను వరుసగా నిలబెట్టి స్త్రీశక్తి గురించి ఉపన్యాసాలు చెప్పించడం మానుకోండి.