సవరణ: బయటి దేశంలో కంపెనీ కొంటే ఇక్కడ ఉద్యోగాలు పోతాయా?

మొన్న పోస్టులో "మన కంపెనీలు డబ్బు తీసుకెళ్లి ఫారిన్‌లో పెడుతున్నాయి, ఇక్కడోళ్ల ఉద్యోగాలకి గ్యారంటీ లేదు" అని రాశాను కదా, అది చదివి ఒడిశాలోని మన రాయగడ, గుణుపురం నుంచి చాలామంది ఫ్యాక్టరీ మూసేస్తారా అని అడుగుతున్నారు, అందుకే ఈ సవరణ.

బయట పెట్టుబడి పెట్టడం వేరు, ఇక్కడి పని ఎత్తుకుపోవడం వేరు. అల్యూమినియం కంపెనీ హిందాల్కో 2007లో దాదాపు 600 కోట్ల డాలర్లకి అమెరికాలోని నోవెలిస్ అనే అల్యూమినియం కంపెనీని కొంది, అయినా ఆ తర్వాత 2013లో మన రాయగడ జిల్లాలోనే హిందాల్కోకి చెందిన ఉత్కళ్ అల్యూమినా రిఫైనరీలో ఉత్పత్తి మొదలైంది, దానికి కావాల్సిన ముడి ఖనిజం బాక్సైట్ బాఫ్లిమాలి కొండలో ఉంటే రిఫైనరీని అమెరికాకి ఎలా పట్టుకెళ్తారు చెప్పండి. టాటా స్టీల్ కూడా 2007లోనే యూరప్‌లోని కోరస్ అనే స్టీల్ కంపెనీని కొంది, కానీ 2024లో బ్లాస్ట్ ఫర్నేసులు (ఇనుము కరిగించే పెద్ద కొలుములు) ఆపేసింది బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బోట్‌లో, మన ఒడిశాలోని కళింగనగర్ ప్లాంటుని మాత్రం ఏడాదికి 30 లక్షల టన్నుల నుంచి 80 లక్షలకి పెంచారు.

అలాగని బెంగ లేదని కాదు. అప్పు చేసి కొన్న కంపెనీకి వడ్డీ కట్టాలి, ఖర్చు తగ్గించాలంటే ముందు వేటు పడేది కాంట్రాక్ట్ వాళ్ల మీదే. మా వీధి కుర్రాడు ఒక ప్లాంటులో ఫిట్టరు, పర్మనెంట్ ఆయన పక్కనే నిలబడి అదే పని చేస్తాడు, కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా గేట్ పాస్ మళ్లీ కొత్తది, సర్వీసు మళ్లీ మొదటికి. ఇది చూస్తే నాకు కడుపు మండిపోద్ది. కాబట్టి కాంట్రాక్ట్‌లో ఉన్నోళ్లు కంపెనీ ఏ దేశంలో ఏం కొందన్నది తర్వాత, ముందు మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా డబ్బు పడుతుందో లేదో, పాత కాంట్రాక్టర్ దగ్గరి సర్వీసు అందులో కలిసిందో లేదో చూసుకోండి.