ఏకాంతానికి ఆశీలు

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాడికి తారురోడ్డు కనిపిస్తే ఎక్కడలేని చిరాకు. మా బావకీ ఆ జబ్బు పట్టుకుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి వెళ్లి కూరగాయలు తేవడానికి ఫోర్ వీల్ ఎందుకని అక్క ఏడాదిగా అడుగుతోంది. దానికి జవాబు చెప్పడానికే సంక్రాంతి వెళ్లాక ఒక శనివారం మమ్మల్ని సీతంపేట కొండల మీదికి బయల్దేరదీశాడు. (2022లో జిల్లాలు విడదీశాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ, మా నోటికి అది ఇంకా శ్రీకాకుళం ఏజెన్సీయే.)

"మనిషి మొహం కనబడని చోట పడుకోవాలి" అన్నది బావ పెట్టిన షరతు. ఆడలి వ్యూ పాయింట్ దగ్గర ఆగుదామంటే అక్కడ సెల్ఫీల జనం ఉంటారని ఒప్పుకోలేదు. వెనక సీట్లో మా పెదనాన్న కొడుకు, వాడి స్నేహితుడు. ఆ స్నేహితుడు పాలకొండ దాటిన దగ్గర్నుంచీ "ఒడిశా నుంచి దిగిన ఏనుగులు ఇటేపే తిరుగుతున్నాయట కదా" అని అడుగుతూనే ఉన్నాడు.

తారు అయిపోయింది, సిమెంటు అయిపోయింది, చివరికి ఎర్రమట్టి బాట కూడా అయిపోయింది. ఎదురుగా గెడ్డ, అంటే కొండవాగు. నీళ్లు చీలమండ దాకా కూడా లేవు, ఉన్నవన్నీ బండరాళ్లే. బావ బండి ఆపి, న్యూట్రల్‌కి తెచ్చి, చిన్న లివర్‌ని 'ఫోర్ లో'కి, అంటే నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా లాగే గేరుకి లాగి, చప్పట్ల కోసం మా వైపు చూశాడు. రెండు గజాలు పోయామో లేదో, ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేచాయి.

ఫోర్ వీల్ అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయని నమ్మేవాళ్లు అమాయకులు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని ఇరుసు రెండు చక్రాలకీ పంచే గేర్లు) ఉన్న బండిలో ఒక ఇరుసుకున్న రెండు చక్రాల్లో పట్టు దొరకని చక్రమే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్నది ఊరుకుంటుంది. పెళ్లింట్లో కూడా అంతే కదా, గాల్లో తేలేవాడిదే హడావుడంతా. రెండు చక్రాల్నీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉన్న మోడల్ తీసుకుందామంటే ఖరీదెక్కువని అక్క వద్దందట. గెడ్డ మధ్యలో నిలబడి ఈ సంగతి బావ మా ముగ్గురికీ విడివిడిగా చెప్పాడు.

పట్టు కోసం టైర్లలో గాలి 32 నుంచి 20కి దించాం. లేచిన చక్రాల కింద రాళ్లు పేర్చాం. బండి కదిలింది, కాకపోతే వెనక్కి. సరే, వెనక్కే పోదామని అందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. తీరా చూస్తే గాలి నింపే పంపు శ్రీకాకుళంలో మంచం కింద ఉండిపోయిందట.

చీకట్లో, మంచులో దిగుతూ ఉంటే ఒకచోట చదునైన నేల దొరికింది. రాయి లేదు, ముల్లు లేదు, ఒక పెద్ద చింతచెట్టు. అక్కడక్కడా వెదురు గుంజలు పాతి ఉన్నాయి. "మనం తాళ్లు కట్టుకోవడానికే పాతినట్టున్నాయి చూడండి" అని బావ తెగ మురిసిపోయాడు. వాటిని అడవిలో ఎవరు పాతారని అడిగే ఓపిక ఎవరికీ లేదు. గుడారం వేసి, అక్క కట్టిచ్చిన పులిహోర తిని పడుకున్నాం.

తెల్లవారుజామున కోడి కూసింది. దాని వెంటే ఇంకో పాతిక, అన్నీ మా తలల పక్కనే. తర్వాత ధబ్బుమని నేల అదిరింది. "ఏనుగులు!" అంటూ స్నేహితుడు బావ దుప్పట్లో దూరాడు. మళ్లీ ధబ్. జిప్ తీసి చూస్తే ఆటోలోంచి కందుల బస్తాలు దించుతున్నారు. పసుపు, చింతపండు, కొండచీపుళ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు, వాటి చుట్టూ జనం. ఆదివారం సంత!

గుడారం గుమ్మంలోనే ఎండు నెత్తళ్ల గంపతో ఒక ముసలామె నిలబడి ఉంది.

"బావూ, లెగండి. ఇది నా జాగా."

"క్యాంపింగ్‌కి వచ్చామమ్మా" అన్నాడు బావ.

"వస్తే వచ్చినారు. మీ కొట్టు కూసింత ఎడంగా ఎట్టుకోండి."

మేం జరిగేలోపే గంపను గుడారం రెక్క కిందికి నెట్టి కూర్చుంది. ఆ వాసన ఆ గుడ్డకి ఇప్పటికీ వదల్లేదు.

ఇంతలో రసీదు పుస్తకం పట్టుకుని ఒకాయన వచ్చాడు. సంతలో ఆశీలు, అంటే అమ్ముకునేవాళ్లు కట్టే రుసుము, వసూలుని పంచాయతీ వాళ్లు వేలంపాట పెడతారు. పాట పాడుకున్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కాబట్టి ఎవర్నీ వదలడు.

"ఏటి అమ్ముతున్నారు?"

"ఏమీ అమ్మట్లేదండీ."

ఆయన గుడారాన్ని, మడత కుర్చీల్ని, గ్యాసు స్టవ్‌ని ఒక్కొక్కటిగా చూశాడు. "ఇన్ని సామాన్లు పరిచీసి ఏటీ అమ్మకపోవడమేటి?" అని రసీదు చింపి చేతిలో పెట్టాడు. ఇచ్చేశాం. రసీదు ఉందంటే కొట్టు ఉన్నట్టే అనుకున్నాడేమో, అప్పటికే ఒకాయన మడత కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి చూసుకుంటున్నాడు. రెండొందలకి ఇచ్చీమన్నాడు. మా పెదనాన్న కొడుకు మూడొందల దగ్గర గట్టిగా నిలబడ్డాడు గానీ, బావ వచ్చి బేరం చెడగొట్టాడు.

బండి చుట్టూ ఉల్లిపాయల రాశులు పోశారు. అవి అమ్ముడయ్యేదాకా కదలడానికి లేదు. మధ్యాహ్నం దారి దొరికేసరికి ముసలామె గంప ఖాళీ అయింది. గంపతో సహా వెనక సీట్లో కూర్చుని "పాలకొండలో దింపీండి బావూ" అంది. కొత్త సీటు కవర్ల మీద చెప్పులు ఆనించనివ్వని బావ నోరెత్తలేదు.

టైర్లలో గాలి తక్కువ కాబట్టి మెల్లగా పోతున్నాం. మెల్లగా వెళ్లే జీపు కనబడితే ఏజెన్సీలో చెయ్యి ఎత్తుతారు. మలుపు దగ్గర ముగ్గురు ఎత్తారు. బావ ఆపి, అద్దం దించాడు.

"మనిషికి ముప్పై. కోడికి పది."