గడువు దాటాక నోటీస్ బోర్డుకెక్కిన సర్క్యులర్

పొద్దున్నే ఫోన్ తీస్తే ఒక చెల్లెలి మెసేజ్. నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీలోనే ఇప్పుడు తను థీసిస్ రాస్తోంది. ఒక సర్క్యులర్ ఫొటో పెట్టి, "అక్కా, దీనికి మాలాంటివాళ్లు అప్లై చేయొచ్చా?" అని అడిగింది. పెద్దది చేసి చూశాను. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్స్, 2025. పీహెచ్‌డీ అయినవాళ్లు యూరప్‌లో పరిశోధన చేసుకోవడానికి యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఫెలోషిప్ ఇది. కింద రిజిస్ట్రార్ ఆఫీసు స్టాంపు, దాని పక్కన డీన్‌గారి పొట్టి సంతకం, ఆ కింద హెచ్‌ఓడీ ఎర్ర ఇంకుతో రాసిన "నోటీస్ బోర్డులో ఉంచవలెను". బోర్డు మీదకి ఎక్కిన తేదీ సెప్టెంబరు 15. ఆ ఫెలోషిప్‌కి గడువు ముగిసింది సెప్టెంబరు 10న.

"గడువు అయిపోయిందమ్మా" అని చెప్తే, "అయ్యో, నేనే సరిగ్గా చూసుకోలేదక్కా, సారీ" అంది. తను సారీ చెప్పింది! అక్కడే నాకు ఒళ్లు మండిపోయింది. సారీ చెప్పాల్సినవాళ్లు ముగ్గురు ఆ కాగితం మీదే స్టాంపులు, సంతకాలు వేసి ఉన్నారు.

యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ఈ కాల్‌ని, అంటే దరఖాస్తుల ఆహ్వానాన్ని, మే 8న తెరిచింది. నాలుగు నెలలు తెరిచే ఉంచింది. 40 కోట్ల 43 లక్షల యూరోల బడ్జెట్, మన లెక్కలో నాలుగు వేల కోట్ల రూపాయల పైమాటే. ఏ దేశంవాళ్లయినా అప్లై చేయొచ్చు, వయసు పరిమితి లేదు, రూపాయి ఫీజు లేదు. ఇందులో దాచిందేమీ లేదు, ప్రపంచమంతా చదువుకునేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. మన దగ్గర మాత్రం ఆ కబురు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదకి నడిచీ నడిచీ, అక్కడ తలుపులు వేసేశాక డిపార్ట్‌మెంట్‌కి చేరింది. సంతకం పెట్టిన ఏ ఒక్కరికీ కాగితం మీదున్న తేదీ కనపడలేదా? కనపడినా సంతకం పెట్టి కిందకి తోసేశారా? రెండిట్లో ఏది నిజమైనా ఆ కుర్చీలో కూర్చునే అర్హత వాళ్లకి లేదని నేను అంటాను.

"ఇంటర్నెట్ ఉంది కదా, పిల్లలే చూసుకోవాలి" అనేవాళ్లు ఈ పోస్టు కింద తయారవుతారని నాకు తెలుసు. సరే, చూసుకుంటారు. ఏమని వెతకాలో ఎవరు చెప్తారు వాళ్లకి? నేను స్కాలర్‌గా ఉన్నన్నాళ్లూ మా డిపార్ట్‌మెంట్‌లో హొరైజన్ యూరప్ అన్న మాట ఒక్కరి నోటా వినలేదు. ఈ ఫెలోషిప్‌లకి డబ్బు వచ్చేది అందులోంచే. 2021 నుంచి 2027 వరకు, 9,550 కోట్ల యూరోల అంచనాతో మొదలైన యూరోపియన్ యూనియన్ పరిశోధనా పథకం అది. దాని ముందు 2014 నుంచి 2020 దాకా హొరైజన్ 2020 నడిచింది. ఫ్రేమ్‌వర్క్ ప్రోగ్రామ్ అని పిలిచే ఈ వరస పథకాల్లో మొదటిది 1984లోనే మొదలైంది. తర్వాతిది 2028 నుంచి 2034 వరకు, దానికి 17,500 కోట్ల యూరోలు కావాలని 2025 జులైలోనే కమిషన్ ప్రతిపాదన పెట్టింది. మా పాఠాలు చెప్పిన సార్లు సర్వీసులో చేరకముందు నుంచీ ఉన్న వ్యవస్థ ఇది. ఒక్క సారు, ఒక్క మేడమ్, ఒక్కసారైనా క్లాసులో చెప్పి ఉంటే ఏం పోయేది?

2025 కాల్‌కి 17,058 అప్లికేషన్లు వచ్చాయట. 2024లో 10,360 వస్తే 1,696 మందికి ఇచ్చారు. ఈ అంకెలు చూపించి "అంత పోటీలో మనవాళ్లకి ఎక్కడ వస్తుంది" అని పెదవి విరిచేవాళ్లని చూస్తే ఇంకా కోపం. మేరీ క్యూరీ ఫెలోషిప్‌లు అందుకున్న యూరపేతర దేశాలవాళ్లలో భారతీయులు ముందు వరుసలో ఉన్నారు. నేను ఇక్కడ బెల్జియంలో కలిసిన మనదేశంవాళ్లని అడుగుతూ వచ్చాను. ఎక్కువమంది పెద్ద పేరున్న కేంద్ర సంస్థల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల ల్యాబుల్లో సీనియర్లు ఉంటారు, పాత ప్రపోజల్స్ చేతులు మారుతుంటాయి, జనవరి నుంచే మాటలు మొదలవుతాయి. మా రాష్ట్ర యూనివర్సిటీ పిల్లలకి తెలివి తక్కువా? నేను ఒప్పుకోను. కరెంటు పోతే శాంపిల్ పాడైపోతుందని రాత్రంతా ల్యాబ్‌లో కాపలా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లకి లేనిది ముందే చెప్పే మనిషి.

ముందే అని ఎందుకంటున్నానంటే, ఇది ఫారం నింపి పంపేసే వ్యవహారం కాదు. ముందు యూరప్‌లో మిమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకునే సూపర్‌వైజర్ కావాలి. అక్కడి యూనివర్సిటీలు చాలామటుకు కాల్ తెరవకముందే, ఏటా మొదటి నెలల్లోనే, "మా దగ్గరికి రావాలనుకుంటే సీవీ, ఒక పేజీ ఐడియా పంపండి" అని ప్రకటిస్తాయి. అందులో ఎంచుకున్నవాళ్లకి వర్క్‌షాపులు పెట్టి రాయడం నేర్పిస్తాయి. అంటే సెప్టెంబరు గడువుకి ఫిబ్రవరిలో కదలాలి. ఆ తర్వాత ప్రపోజల్. అసలు భాగం పది పేజీలు. పదే. దాని మార్కుల్లో సైన్సుకి సగం, ఆ పని వల్ల మీకూ సమాజానికీ ఏం ఒరుగుతుందన్నదానికి 30 శాతం, ఎలా నడిపిస్తారన్నదానికి 20. నెలల వారీ చార్టు వేయాలి, ఏది బెడిసికొడితే ఏం చేస్తారో రాయాలి, డేటా ఎలా అందరికీ అందుబాటులో పెడతారో చెప్పాలి. వాళ్ల దగ్గర మీరు ఏం నేర్చుకుంటారన్నది ఒక్కటే చాలదు, మీరు వాళ్లకి ఏం నేర్పిస్తారో కూడా రాయాలి. మనవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. "నాకు అవకాశం ఇప్పించండి" అని అడగడం నేర్పారు మనకి. "నా దగ్గర ఇది ఉంది, మీ దగ్గర లేదు" అని రాయమంటే చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు ఒక వారంలో పోదు.

హడావుడిగా ఏదో ఒకటి పంపేద్దాం అనుకుంటే అదీ నష్టమే. 2025 కాల్ రూలు ప్రకారం 70 శాతం కన్నా తక్కువ మార్కులు వస్తే, అదే యూనివర్సిటీతో కలిసి మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేయనివ్వరు. "గడువుకి వారం ఉంది, ట్రై చేయమ్మా, పోయేదేముంది" అని చనువుగా సలహా ఇచ్చే పెద్దమనుషులకి ఈ రూలు తెలుసా? పోయేది ఒక ఏడాది.

ఇంకో సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఇక్కడికొచ్చాక తెలిసింది. గడువుకి ముందు 36 నెలల్లో 12 నెలల కన్నా ఎక్కువ ఒక దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయకూడదు. జర్మనీలో పీహెచ్‌డీ చేసి అక్కడే ఉండిపోయిన మనవాళ్లకి జర్మనీ తలుపు మూసుకుపోతుంది. అనంతపురంలోనో, శ్రీకాకుళంలోనో, వరంగల్‌లోనో చదువుకుని ఇప్పటిదాకా పాస్‌పోర్టు మీద ఒక్క స్టాంపు పడని అమ్మాయికి మాత్రం యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాలూ తెరిచే ఉంటాయి. దేశం దాటలేదని చిన్నబోయే పిల్లలకి ఇది ఎంత బలం! ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎవరూ చెప్పకపోతే ఆ చోట ఎవరు దూరతారో చూడండి. ఒక కన్సల్టెన్సీ పోస్టరు నిన్న నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. "మేరీ క్యూరీ గ్రాంట్ గ్యారంటీ, నెలకు ఐదు లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు." గ్యారంటీ ఎవడిస్తాడు? స్వతంత్ర నిపుణులు ప్రపోజల్ చదివి మార్కులు వేస్తారు, మధ్యలో ఏ ఏజెంటుకీ చోటు లేదు. ఆ ఐదు లక్షల లెక్క కూడా మోసమే. 2023-24లో పోస్ట్‌డాక్‌కి నెలకు 5,080 యూరోలని కాగితం మీద ఉన్న మాట నిజం. ఆ అంకెని దేశాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. అందులోంచే యజమాని కట్టాల్సిన సామాజిక భద్రత వాటా పోతుంది, తర్వాత మన పన్ను పోతుంది. చేతికొచ్చేది బతకడానికి బాగానే సరిపోతుంది, కానీ పోస్టరు మీది అంకె కాదు. యూరోపియన్ కమిషన్ నడిపే యూరాక్సెస్ వెబ్‌సైట్‌లో పరిశోధన ఉద్యోగాల ఖాళీలు ఉచితంగా కనపడతాయి, పోస్ట్‌డాక్ ప్రపోజల్ రాయడానికి ఎంఎస్‌సీఏ-నెట్ అనే మేరీ క్యూరీ సలహాదారుల నెట్‌వర్క్ హ్యాండ్‌బుక్ ఉచితం, యూరోపియన్ యూనియన్‌లోని ప్రతి దేశంలో నేషనల్ కాంటాక్ట్ పాయింట్ అని ఈమెయిల్‌కి జవాబిచ్చే మనుషులుంటారు, అదీ ఉచితమే. తల్లి మెడలో గొలుసు తాకట్టు పెట్టి ఈ కన్సల్టెన్సీకి డబ్బు కట్టేవాళ్లు రేపు బయటపడతారు. ఆ పాపంలో నోటీసు ఆలస్యంగా పెట్టినవాళ్లకీ వాటా ఉంది.

పెద్దవాళ్ల సంగతీ చెప్తాను. విదేశీ బృందం వస్తే శాలువాలు కప్పి, ఎంవోయూ, అదే అవగాహన ఒప్పందం, ఫైలు పట్టుకుని ఫొటోలు దిగుతారు. పేపర్లో "యూరప్ నిధులకు బాటలు" అని వార్త. ఏ బాట? ఫెలోషిప్ సంగతి వేరు, పలు దేశాల సంస్థలు కలిసి చేసే ఉమ్మడి ప్రాజెక్టుల్లో 2014 నుంచి భారతదేశం సంస్థలకి యూరప్ డబ్బు దానంతటది రాదు. చేరొచ్చు, కానీ మన ఖర్చు మనమే తెచ్చుకోవాలి, మన కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం డీబీటీయో, సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం డీఎస్‌టీయో కలిసి నిధులిచ్చే కాల్స్ చూసుకోవాలి. యూరప్ వైపు మూడు వేర్వేరు దేశాల నుంచి మూడు సంస్థలైనా ఉండాలి, మన సంస్థకి యూరోపియన్ కమిషన్ పోర్టల్‌లో తొమ్మిదంకెల పిక్ నంబరు, అంటే సంస్థ గుర్తింపు సంఖ్య, ఉండాలి. మీ యూనివర్సిటీ పిక్ నంబరు ఎంతో మీ రీసెర్చ్ సెల్‌ని అడిగి చూడండి. ఎంవోయూ ఫొటో మాత్రం వెంటనే తీసి చూపిస్తారు.

ఇంతసేపూ సర్క్యులర్ మీద అరుస్తున్నాను కానీ, నాకు అసలు మంట ఎక్కడుందో రాసేదాకా ఈ పోస్టు ముగించలేను.

ఈ అప్లికేషన్‌లో "త్రూ ప్రాపర్ ఛానెల్" లేదు. నో అబ్జెక్షన్ లెటర్ అక్కర్లేదు. గైడ్ రికమండేషన్ లెటర్ అడగరు. రాసేది మీరు, కలిసి రాసేది అక్కడి సూపర్‌వైజర్, పంపేది అక్కడి యూనివర్సిటీ. మన యూనివర్సిటీ నుంచి కావలసింది ఒక్కటే, గడువు లోపల మీ పీహెచ్‌డీ పూర్తవ్వాలి. పట్టా చేతికి రాకపోయినా పర్లేదు, వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, విజయవంతంగా ముగిస్తే చాలన్నారు. ఆ ఒక్కటే. ఆ ఒక్కటీ మనవాళ్లు చేయరు.

నా సీనియర్ ఒకావిడ ఉంది. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. మా ల్యాబ్‌లో నాకు పరికరాలన్నీ చేతులు పట్టుకుని నేర్పింది తనే. 2022లో స్పెయిన్‌లో ఒక ప్రొఫెసర్ తనని తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇద్దరూ కూర్చుని ప్రపోజల్ రాశారు, ఆ పది పేజీలు నేను చదివాను, అంత శుభ్రమైన రాత నేను ఇప్పటికీ చూడలేదు. థీసిస్ మీద బయటి పరీక్షకుల రిపోర్టులు జూన్‌లోనే వచ్చేశాయి. రెండూ మెచ్చుకుంటూ రాసినవే. వైవాకి తేదీ వేయాలి, అంతే. గైడ్‌గారింట్లో పెళ్లి. తర్వాత ఆయన అసోసియేషన్ ఎన్నికలు. తర్వాత "ఎగ్జామినేషన్ సెక్షన్ వాళ్లు ఫైలు పంపలేదమ్మా" అన్నారు. సెక్షన్‌కి వెళ్తే "మీ సార్ సంతకం పెట్టలేదు" అన్నారు. సార్ కారు దిగే చోట తను పొద్దున్నే వెళ్లి నిలబడేది. పెళ్లి కార్డులు పంచడానికి కూడా తననే పంపారు, తను వెళ్లింది, వైవా తేదీ వేస్తారేమోనని. ఆ ఏడాది గడువు సెప్టెంబరు 14. వైవా అక్టోబరులో పెట్టారు.

వైవా రోజు ఆ సార్ అందరి ముందూ "మా అమ్మాయి బంగారం" అన్నారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. స్వీట్లు ఆవిడే తెచ్చింది.

మరుసటి ఏడాదికి స్పెయిన్ ప్రొఫెసర్ వేరే మనిషిని చూసుకున్నారు. ఆయన తప్పేం లేదు. మా సీనియర్ ఇప్పుడొక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తోంది. ఎండాకాలం వస్తే యాజమాన్యం ఇచ్చిన లిస్టు పట్టుకుని ఇంటర్ పిల్లల ఇళ్లకి అడ్మిషన్ల కోసం తిరుగుతుంది. ఆ పది పేజీలు రాసిన మనిషి!

ఆ గైడ్‌గారి మీద ఏ ఎంక్వయిరీ జరగలేదు, జరగదు. ఇంకా గైడ్‌గానే ఉన్నారు, ఆయన దగ్గర ఇంకా స్కాలర్లున్నారు. ఇవాళ నాకు మెసేజ్ పెట్టిన చెల్లెలు వాళ్లలో ఒకతి.

తనకి ఏం చెప్పానో ఇక్కడ రాస్తున్నాను, తనలాంటివాళ్లు ఇంకెవరైనా చదువుతుంటే పనికొస్తుంది. వచ్చే సెప్టెంబరులో మళ్లీ గడువు ఉంటుంది. దసరా సెలవుల్లో నీ పేపర్లలో రిఫరెన్సులు చూసుకుని, నీ పనికి దగ్గరగా పనిచేసే యూరప్ ల్యాబుల పేర్లు ఒక పదిహేను రాసుకో. సంక్రాంతి తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా, వాళ్ల పేపరు చదివి మరీ మెయిల్ రాయి, ఒకే మెయిల్ అందరికీ కొట్టకు. నాకు డ్రాఫ్టు పంపు, నేను చూస్తాను. థీసిస్ డిసెంబరుకల్లా సబ్మిట్ చేసెయ్. సబ్మిట్ చేసిన రోజు నుంచి ప్రతి నెలా వైవా తేదీ గురించి రాతపూర్వకంగా అడుగు, ఒక కాపీ పరీక్షల కంట్రోలర్ ఆఫీసుకి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. నోటితో అడగకు. సార్‌కి కోపం వస్తుందేమోనని భయపడకు, ఆయన సంతకం నీకు కావలసింది ఆ ఒక్క కాగితం మీదే.

"అక్కా, అలా రాస్తే వైవాలో ఇబ్బంది పెడతారేమో" అంది.

దీనికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. ఈ పోస్టు చదువుతున్న ప్రొఫెసర్లు నా లిస్టులో చాలామంది ఉన్నారు, మా పాత సార్లు కూడా. మీరు చెప్పండి. మీ టేబుల్ మీద రిపోర్టులు వచ్చేసి, తేదీ కోసం ఆగిన థీసిస్‌లు ఎన్ని ఉన్నాయి? కింద కామెంట్లో రాయండి.