ఆకుకు బోర్డు, రోగికి రైలు

క్యాన్సర్ పరిశోధన మీద ప్రభుత్వం డబ్బు పెట్టదని పెదవి విరిచేవారు ఒకసారి ఒంగోలు, కందుకూరు ప్రాంతాలకు వచ్చి చూడవలసిందిగా మనవి. ఆ వ్యాధికి సంబంధించిన పరిశోధన ఇక్కడ ఎంతోకాలంగా ప్రజాధనంతోనే సాగుతున్నది. కాకపోతే అది వ్యాధి పుట్టే వైపు నుంచి సాగుతున్నది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అన్న పేరుతో వెలసిన సంస్థకు కందుకూరులో ఒక కేంద్రం ఉన్నది. ఏ నేలకు ఏ వంగడం నప్పుతుందో, ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో తేల్చడం ఇలాంటి కేంద్రాల పని. ఆకు మీద మచ్చ కనబడితే ఎందుకు వచ్చిందో చెప్పగల శాస్త్రవేత్త ఊళ్ళోనే ఉన్నాడన్న మాట. ఆ ఆకు పొగ పీల్చినవాడి ఊపిరితిత్తిలో మచ్చ కనబడితే మాత్రం, చాలామంది ఇప్పటికీ పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోవలసినదే.

ఆకు అదృష్టం అంతటితో ఆగలేదు. 1975లో దాని కోసం పార్లమెంటు ఒక చట్టమే చేసింది, మరుసటి ఏడాది పొగాకు బోర్డు ఏర్పడింది. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వంటి చోట్ల వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ పొగాకు బేలును (కట్టను) తూచి, బ్రైటా, మీడియమా, లోగ్రేడా అని తేల్చుతారు. ఎవరూ పాడక నోబిడ్ అయితే రైతు దానిని మరొక రోజు మళ్ళీ తెచ్చుకోవచ్చు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకును అడిగే నాథుడు లేకపోతే రాష్ట్ర ప్రభుత్వమే తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది. రైతును ఆదుకోవడం న్యాయమే, అందులో పేచీ లేదు. రోగిని కూడా ఎవరో ఒకరు మండల కేంద్రంలోనే తూచి, గ్రేడు తేల్చి, రసీదు ఇస్తే బాగుండునన్న దురాశ మాత్రమే మాది.

దేశంలో 2020 నాటి క్యాన్సర్ కేసుల్లో సుమారు 27 శాతం పొగాకుతో ముడిపడినవేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా వేసింది. పొగాకు బోర్డును నడిపే వాణిజ్య శాఖ పంటను పెంచుతుంది, ఆరోగ్య శాఖ రోగులను లెక్కిస్తుంది. ఒకరి పనికి ఒకరు అడ్డురాకుండా పాలించడమంటే ఇదే కాబోలు. పైగా ఆరోగ్య శాఖ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2016 నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం చోటును భయంకరమైన బొమ్మతో, హెచ్చరిక రాతతో నింపిస్తున్నది. డాక్టరు చేరని ఊరికి సైతం ఆ బొమ్మ చేరుతున్నది.

ప్రజాధనం పెడితే ఫలితం ఉండదని వాదిద్దామంటే కొన్ని చిక్కులున్నాయి. 1962 నుంచి అణుశక్తి శాఖ కింద ఉన్న ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, ఐఐటీ బొంబాయి కలిసి తయారు చేసిన కార్-టి చికిత్సకు (రోగి రక్తకణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) 2023లో అనుమతి వచ్చింది. దాని ధర అమెరికా ధరలో సుమారు పదో వంతు మాత్రమే. అంతకు ముందు ఇదే టాటా మెమోరియల్ ముంబై బస్తీల్లో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం నడిపింది. కొద్దిపాటి శిక్షణ పొందిన ఆడవాళ్ళు వెనిగర్ పూసి గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించగా, ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్టు 2013లో వెల్లడించారు. ఆ అధ్యయనానికి ప్రజాధనం ఖర్చయిన మాట నిజమే. అయితే అది అమెరికా ప్రజలది గనుక మనం పెద్దగా బాధపడనక్కరలేదు.

జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్ళలో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. క్యాన్సర్ కణానికి ప్రభుత్వ కాలపరిమితులను గౌరవించే అలవాటు లేదు కాబట్టి, ఈలోగా ఒక చిన్న ప్రతిపాదన. వేలం ముగిశాక వేలం కేంద్రాల షెడ్లలో సందడి ఉండదు. కరెంటు ఉన్నది, కంప్యూటర్ ఉన్నది, దారి అన్ని ఊళ్ళకూ తెలిసినదే. ఆ నెలల్లో అక్కడ నోటి పరీక్షలు, వెనిగర్ పరీక్షలు జరిపించవచ్చు. కొత్తగా కొనవలసిన వాటిలో ముఖ్యమైనది వెనిగర్ సీసా. దానిని ఏ పద్దు కింద కొనాలో వాణిజ్య శాఖ, ఆరోగ్య శాఖ ఉమ్మడిగా కూర్చుని తేల్చవలసి ఉంటుంది.